గంట సభకు ఎజెండా వేసుకోవడం ఎలా

మా బడిలో మొదటిసారి మాక్ అసెంబ్లీ, అంటే పిల్లలే సభ్యులుగా నమూనా శాసనసభ, పెట్టినప్పుడు నా కష్టమంతా స్పీచ్‌ల మీదే పెట్టాను. ముఖ్యమంత్రి ఎవరు, ప్రతిపక్ష నేత ఎవరు, స్పీకర్ కుర్చీ వెనక ఏ రంగు గుడ్డ కట్టాలి... పది రోజులు ఇదే గొడవ. ఏ అంశం ఎప్పుడు రావాలి, దానికి ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం ముందురోజు రాత్రి, వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని ఒక కాగితం మీద రాశాను. పదకొండు అంశాలు తేలాయి. గంట ఉంది కదా, ఒక్కోదానికి అయిదేసి నిమిషాలు, సరిపోతుందనుకున్నాను.

సరిపోలేదు. నీటిపారుదల మంత్రి ఒక్క ప్రశ్నకు జవాబు చదవడానికే ఆరు నిమిషాలు పట్టింది. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయడానికి ఎనిమిది మంది లేచారు, ఎనిమిది మందికీ అవకాశం ఇచ్చాం. తొమ్మిదో అంశం నడుస్తుండగా లాంగ్ బెల్ కొట్టారు. ఊళ్లకు వెళ్లే బస్సు మళ్లీ దొరకదు కాబట్టి పిల్లలు బ్యాగులు తగిలించుకుని లేచిపోయారు.

పదో అంశం ఒక తొమ్మిదో తరగతి అమ్మాయిది. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్ల సంగతి. రెండు వారాలపాటు రోజూ ప్రార్థన ముందు ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి ట్యాంకు ఎక్కి చూసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో నోట్‌బుక్కులో గీతలు గీసుకుంది. ఏ రోజు ఏ పూటకి నిండుకున్నాయో అన్నీ రాసుకుంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంటూ "నాది రానేదు కదా మేడం" అంది. గొంతులో కోపం కూడా లేదు. తన వంతు రాకపోవడం ఆ పిల్లకి అలవాటైన విషయంలా అనిపించి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు పూర్తిగా నాది. సభలో ఎవరి మాట వినపడుతుందో, ఎవరిది వినపడదో ముందురోజు రాత్రి నేను రాసిన ఆ కాగితమే తేల్చేసింది. తరవాత లోక్‌సభ, మన అసెంబ్లీ తమ కార్యక్రమాలను ఎలా వేసుకుంటాయో చదివి, మా బడికి సరిపడేలా కుదించుకుని, మరో నాలుగు సభలు నడిపాను. ఈ ఏడాది నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి సభ పెట్టాలనుకుంటున్న సోషల్ టీచర్ల కోసం, ముఖ్యంగా మా శ్రీకాకుళం వైపు పల్లె బడుల్లో పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు తేదీ

రాజ్యాంగం సభలకు పెట్టిన షరతు ఒక్కటే: ఒక సమావేశాల ఆఖరి రోజుకీ, తరవాతి సమావేశాల మొదటి రోజుకీ మధ్య ఆరు నెలలు దాటకూడదు. రాష్ట్రాలకు ఇది 174వ అధికరణంలో ఉంది. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలు అన్నవి వాడుకలో వచ్చినవే. అంటే తేదీ మన చేతిలో పనే, మన వీలు చూసి పెట్టుకోవచ్చు.

మా వైపు ఆ వీలు రెండు చోట్ల దెబ్బతింటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. నవంబరు చివర మొదలై డిసెంబరంతా వరికోతలు. కోతలప్పుడు తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొందరు బడికి రారు. అందుకే నేను రాజ్యాంగ దినోత్సవం నాటికి పూర్తయ్యేలా పెట్టుకుని, వాన పడితే వాడుకోవడానికి ఇంకో తేదీ కూడా ముందే హెచ్ఎం గారితో మాట్లాడి ఉంచుకుంటాను. ఏ పూట అన్నది కూడా ముఖ్యమే. ఆఖరి పీరియడ్లు వద్దు. ఉదయం రెండో పీరియడ్ నుంచి పెడితే బస్సు టెన్షన్ ఉండదు.

నోటీసు పెట్టె

లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జవాబు చెప్పాల్సిన శాఖకు వివరాలు తెప్పించుకునే వ్యవధి కావాలి కదా. మేము దాన్ని 6 రోజులు చేసుకున్నాం. స్టాఫ్ రూం బయట ఒక చెప్పుల డబ్బా అట్టపెట్టెకి చీలిక కోసి పెట్టాం. ప్రశ్న, అడిగేవారి పేరు, ఏ మంత్రికి అన్నవి మూడూ రాసి అందులో వేయాలి. మూడింట్లో ఏది లేకపోయినా ఆ చీటీ తిరిగి ఇచ్చేస్తాం, మళ్లీ రాసుకుని రావచ్చు.

ఈ 6 రోజులు పిల్లలకు ఎంత పని నేర్పాయో చెప్పాలి. "గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ నీరు శివారు పొలాలకు ఎందుకు ఆలస్యమవుతోంది?" అని ఒక ప్రశ్న వచ్చింది. మంత్రి అయిన కుర్రాడు సైకిలేసుకుని కాలువ నీళ్లు వదిలే లస్కరు దగ్గరికి వెళ్లి, వంతులవారీగా నీళ్లు ఎలా వదులుతారో అడిగి తెలుసుకుని వచ్చాడు. మొదటి ఏడాది మంత్రి ఆరు నిమిషాలు చదివినది గైడ్‌లోంచి ఎక్కించుకున్న వ్యాసం. ఈ కుర్రాడి జవాబు నిమిషంన్నర, ప్రతి మాటా తను చూసి వచ్చిందే.

మాకు ముప్ఫై దాకా ప్రశ్నలు వస్తాయి. సభలో నోటితో జవాబు చెప్పించగలిగేది నాలుగింటికే. లోక్‌సభలో కూడా సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి, నక్షత్ర గుర్తు ప్రశ్నలంటారు, రోజుకు 20 జాబితాలో వేస్తారు కానీ గంటలో అన్నిటి వంతూ రావడం చాలా అరుదు. మిగిలినవాటికి రాతపూర్వకంగా జవాబు ఇస్తారు. ఇవి కాక నక్షత్ర గుర్తు లేనివి మరో 230 వరకు ఉంటాయి, వాటికి మొదటినుంచీ రాతపూర్వక జవాబే. ఏ ప్రశ్న ముందు అన్నది లాటరీ తీసి తేలుస్తారు, ఒక సభ్యుడికి ఒక రోజు ఒక్క నక్షత్ర గుర్తు ప్రశ్నే. ఈ రెండు నియమాలూ ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. ఆరో తరగతి పాపతో అందరి ముందూ చీటీలు తీయించండి. టీచర్ ఎంచితే ఎప్పుడూ క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లల ప్రశ్నలే పైకొస్తాయి. నాకు తెలుసు, నేను అలాగే ఎంచాను. లాటరీలో రానివాళ్లకు మంత్రులు కాగితం మీద జవాబు రాసి, సభ రోజు వరండా గోడకు అతికించాలి. ఆ గోడ దగ్గర గుంపుగా చేరి ఎవరి జవాబు వాళ్లు వెతుక్కుంటుంటే చూడాలి.

వేప చెట్టు కింద బీఏసీ

అసలు పని ఇక్కడుంది. చట్టసభల్లో సభా వ్యవహారాల సలహా సంఘం ఉంటుంది. అందరూ బీఏసీ అంటారు. లోక్‌సభలో స్పీకర్ అధ్యక్షతన, స్పీకర్‌తో కలిపి 15 మందికి మించకుండా, పార్టీల వాళ్లు కూర్చుని ఏ బిల్లుకు ఎంత సమయమో తేలుస్తారు. మన అసెంబ్లీ సమావేశాలు మొదలైన రోజున "బీఏసీ సమావేశం, ఇన్ని రోజులు సభ" అని టీవీలో వచ్చేది దీని గురించే.

మీ బడిలో దీన్ని తప్పకుండా పెట్టండి. స్పీకర్, అధికార పక్షం నుంచి ఇద్దరు, ప్రతిపక్షం నుంచి ఇద్దరు, మొత్తం అయిదుగురు. సభకు మూడు రోజుల ముందు మధ్యాహ్న భోజనం అయ్యాక కూర్చోబెట్టండి. మీరు పక్కన ఉండండి, మాట్లాడకండి. స్పీకర్‌గా ఎవరిని పెట్టాలన్నది కూడా ఇక్కడ చూసుకోవాలి. గొంతు పెద్దదా చిన్నదా అని చూడకండి, ఇద్దరు కొట్టుకుంటుంటే ఇద్దరి మాటా వినే పిల్ల కావాలి. మా జిల్లా నుంచి తంగి సత్యనారాయణ, ప్రతిభా భారతి, తమ్మినేని సీతారాం ముగ్గురూ రాష్ట్ర అసెంబ్లీ స్పీకర్లుగా చేశారు. 1999 నుంచి 2004 వరకు ఉన్న ప్రతిభా భారతి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. ఈ సంగతి చెప్పాక స్పీకర్ పదవికి ఆడపిల్లలే ముందు చేతులెత్తారు.

బీఏసీలో వాడాల్సిన సామాను: పాత క్యాలెండర్ అట్టల వెనక వైపు కోసిన చీటీలు, పెన్సిలు, రబ్బరు. ఒక్కో అంశం ఒక్కో చీటీ మీద పెన్నుతో, నిమిషాలు మాత్రం పెన్సిలుతో. చీటీలన్నీ నేల మీద వరసగా పేర్చి కూడికేయాలి. మొత్తం 50 దాటితే ఏదో ఒకటి తగ్గాలి. గంట సభకు 50 నిమిషాలకు మించి వేయొద్దు. మిగతా పది ఎక్కడికీ పోవు. లేవడానికి, కూర్చోవడానికి, మైకు గీ అనడానికి, నవ్వులు ఆగడానికి అవే ఖర్చవుతాయి.

మేము తేల్చుకున్న వరస చెబుతాను. స్పీకర్ రాక, సంతాప తీర్మానం కలిపి 2 నిమిషాలు. ప్రశ్నోత్తరాలు 15. మంత్రులు పత్రాలు బల్ల మీద పెట్టడం 1. జీరో అవర్, అంటే సభ్యులు తమకు ముఖ్యమనిపించిన విషయాలు క్లుప్తంగా లేవనెత్తే సమయం, 5. సావధాన తీర్మానం 7. బిల్లు 20. ఈ వరస నేను కల్పించింది కాదు. లోక్‌సభలోనూ ప్రమాణ స్వీకారాలు, సంతాపాలు అయ్యాక ప్రశ్నోత్తరాలు, ఆ వెనక పత్రాలు, తరవాత సావధానాలు, ఆపైన బిల్లులు. ముందుగా ప్రశ్నలు పెట్టడంలో అర్థముంది: ప్రభుత్వం తన పని మొదలుపెట్టకముందే జవాబు చెప్పుకోవాలి. సమయం చాలడం లేదని ప్రశ్నోత్తరాలను వెనక్కి నెట్టే బడులున్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

గవర్నర్ ప్రసంగం పెట్టొద్దు. బాగా కనిపిస్తుందని చాలామంది పెడతారు. 176వ అధికరణం ప్రకారం అది ఎన్నికల తరవాతి మొదటి సమావేశంలోనూ, ప్రతి ఏడాది మొదటి సమావేశంలోనూ ఉంటుంది. నవంబరు సభలో దానికి చోటు లేదు, మీ గంటలో దానికి పది నిమిషాలూ లేవు.

సావధానం గురించి ఒక మాట. అత్యవసరమైన ఒక విషయం మీద మంత్రి దృష్టిని లాగి, ఆయన చేత ప్రకటన చేయించడం. 1954 నుంచి ఉన్న ఈ ఏర్పాటు మన దేశం సొంతంగా చేసుకున్నది. దీని మీద సుదీర్ఘ చర్చ ఉండదు, వివరణ కోసం ప్రశ్నలు మాత్రమే. ఒక్క మనిషి ఒక్క విషయాన్ని శ్రద్ధగా తవ్వి తెచ్చినప్పుడు ఇదే సరైన చోటు. ట్యాంకు నీళ్ల అమ్మాయి అంశాన్ని నేను మొదటిసారి పదకొండింట్లో ఒకటిగా చివర పడేశాను. అది సావధానం. దాని చోటు సభ మధ్యలో, అందరూ మెలకువగా ఉన్నప్పుడు.

నిమిషాలు పంచుకోవడం

బిల్లుకు 20 నిమిషాలు అన్నాం కదా. మాది "చెరువు గట్ల పరిరక్షణ బిల్లు". మంత్రి ప్రవేశపెట్టి వివరించడానికి 3, చివర సమాధానానికి 3 తీసేస్తే చర్చకు 14 మిగిలాయి. మా సభలో 55 మంది: అధికార పక్షం 40, ప్రతిపక్షం 15. చట్టసభల్లో సమయం పార్టీల బలాన్ని బట్టి ఇస్తారు. ఆ లెక్కన 10 నిమిషాలు వీళ్లకి, 4 వాళ్లకి. చీటీ మీద 4 చూడగానే ప్రతిపక్ష నేత "ఏటి మేడం, నాలుగు నిమిషాల్లో ఏటి సెప్తాం" అని లేచాడు. నేను నోరు మెదపలేదు. స్పీకర్ పిల్ల కాసేపు ఆలోచించి, అధికార పక్షం వాళ్లను అడిగింది: "బిల్లు మీదే, పాసవుతాది. మీరు పది నిమిషాలు మాట్లాడి ఏం చేస్తారు?" వాళ్లు రెండు నిమిషాలు వదులుకున్నారు. 8, 6. పెన్సిలుతో రాసిన 10 చెరిపి 8 వేసినప్పుడు ఆ అట్ట మీద మచ్చ పడింది. ఆ చీటీని నేను ఇప్పటికీ దాచుకున్నాను.

ప్రతి బిల్లుకూ ఓటింగ్ ఉంటుంది, అది మరిచిపోతారు. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి, వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి" అని స్పీకర్ క్లాజు క్లాజుకీ, అంటే బిల్లులోని ఒక్కో భాగానికీ, అడగాలి. మూడు క్లాజులకు నిమిషం చాలు. ప్రతిపక్షం లెక్కపెట్టమని పట్టుబడితే మాత్రం డివిజన్. లోక్‌సభలో డివిజన్ గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, బయట ఉన్న సభ్యులు లోపలికి రావడానికి. మీరు అంతసేపు మోగించనక్కర్లేదు కానీ తలలు లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు మిగులు పదిలోంచి తీయండి.

వీలైతే మంత్రులు కానివాళ్ల బిల్లుకు కూడా ఏదో ఒక సభలో చోటివ్వండి. లోక్‌సభలో శుక్రవారం ఆఖరి రెండున్నర గంటలు అనధికార సభ్యులవే. అలాంటి బిల్లులు ఇప్పటిదాకా రెండు సభల్లోనూ పాసైనవి 14, ఆఖరిది 1970లో. ఇది విని మా పిల్లలు డీలా పడతారనుకున్నాను. మరుసటి రోజు ముగ్గురు బిల్లులు రాసుకొచ్చారు.

స్పీచ్‌లను కాగితాల లెక్కన కొలవకండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివించండి. మా పిల్లలు ఒక రూళ్ల కాగితం ఒకవైపు నిండా రాసింది చదవడానికి రెండు నిమిషాలు పడుతోంది. చిన్న అక్షరాలు రాసేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఒక్కరి దగ్గర కూడా దీన్ని అంచనాతో వదిలేయొద్దు.

జాబితా గోడకెక్కాక

ముందురోజు సాయంత్రానికల్లా కార్యక్రమాల జాబితా నోటీసు బోర్డు మీద ఉండాలి. ప్రతి అంశం పక్కన పేరు, నిమిషాలు. పిల్లలు ఇంటికి వెళ్లేముందు చదువుకోవాలి. ఎవరి పేరు తప్పినా అప్పుడే చెబుతారు, ఆ రాత్రే సరిచేయొచ్చు. లోక్‌సభ నియమాల్లో రెండు మాటలు ఇక్కడ పనికొస్తాయి: జాబితాలో లేని పనిని స్పీకర్ అనుమతి లేకుండా చేపట్టకూడదు, ప్రభుత్వ పనుల వరసను తగిన కారణం ఉందని స్పీకర్ ఒప్పుకుంటే తప్ప ఆ రోజు మార్చకూడదు. మా రెండో సభకు ఒక పెద్దమనిషి అతిథిగా వచ్చి, ముందు బిల్లు చూపించండి, నేను వెళ్లాలి అన్నారు. మా స్పీకర్ పిల్ల లేచి నిలబడి "జాబితా ప్రకారం ప్రశ్నోత్తరాలండి, మీరు కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నారు. బిల్లు అయ్యేదాకా ఉన్నారు కూడా.

సభ నడుస్తున్నప్పుడు స్పీకర్ పక్కన ఒక టైంకీపర్ ఉండాలి. అంశానికి నిమిషం మిగిలి ఉండగా పచ్చ అట్ట, అయిపోగానే ఎర్ర అట్ట ఎత్తాలి. ఒక్కో ప్రశ్నకు జవాబుతో కలిపి మూడున్నర నిమిషాలు, అనుబంధ ప్రశ్నలు రెండే. అంతా వెనకబడిపోతే ఏది కోయాలో బీఏసీలోనే అనుకుని పెట్టుకోండి, అప్పటికప్పుడు ఆలోచిస్తే మళ్లీ చిన్న గొంతులే బలవుతాయి. మేము ముందు అధికార పక్షం స్పీచ్‌లు తగ్గిస్తాం, తరవాత నాలుగో ప్రశ్నను రాత జవాబుకి పంపేస్తాం. సావధానం ముట్టుకోం. నిజం సభల్లో బడ్జెట్ పద్దులకు గడువు ముగిసిపోతే చర్చ లేకుండానే ఓటుకు పెట్టేస్తారు, గిలెటిన్ అంటారు దాన్ని. బడిలో దాన్ని వాడకండి.

అయినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. అందుకే సభ ముగిశాక బీఏసీ అయిదుగురినీ పది నిమిషాలు ఆపండి. నోటీసు బోర్డు మీది జాబితా తీసి, అనుకున్న నిమిషాల పక్కన ఎర్ర పెన్నుతో అసలు పట్టిన నిమిషాలు రాయించండి. మా రెండో సభ కాగితంలో ప్రశ్నోత్తరాలు 15కి 19, బిల్లు 20కి 17 అని ఉంది. వెనక వైపు తరవాతి సభకు కొత్త జాబితా మొదలుపెట్టించండి, మిగిలిపోయినవి మొట్టమొదట రాయించండి.

మా రెండో సభ జాబితాలో అయిదో వరసలో ఇలా ఉంది: "సావధానం, ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు, 7 నిమిషాలు." అప్పటికి ఆ అమ్మాయి పదో తరగతికొచ్చింది. జామెట్రీ బాక్సులోంచి పాత కాగితం తీసి, దాని కింద కొత్తగా ఇంకో రెండు వారాల గీతలు అతికించుకుని లేచింది. అయిదున్నర నిమిషాలు మాట్లాడింది. పచ్చ అట్ట ఎత్తే అవసరం కూడా రాలేదు.